పదకొండు ముఖాలు, ఒకటే గొంతు

దోహాలో నన్నెరిగిన తెలుగువాళ్ళని ఎవరినైనా అడగండి. నేను డేగల పాస్‌పోర్టులు తనిఖీ చేసే ఉద్యోగం చేసి రిటైరయ్యానని చెబుతారు. ఆ మాట పుట్టించింది నేనే. ఇక్కడ వేటడేగకి నిజంగానే పాస్‌పోర్టు ఉంటుంది, విమానంలో సీటూ ఉంటుంది. అందుకని నా అబద్ధానికి కాళ్ళు ఆనడానికి కాస్త నేల దొరికింది. ఒక డేగ ఫోటోలో పక్కకి చూసిందని తిప్పి పంపాననీ, దాని యజమాని క్షమాపణగా ఖర్జూరాల పెట్టె పంపాడనీ, మరో డేగ విమానాశ్రయంలో నన్ను గుర్తుపట్టి తల వంచిందనీ నలుగురు కూడిన ప్రతిచోటా చెప్పాను. మా ఆవిడ శారద మొదట్లో నవ్వేది, తర్వాత విసుక్కునేది, చివరికి తనే చెప్పడం మొదలుపెట్టింది. నాకంటే బాగా చెబుతుంది.

అసలు పని వేరు. ఆ పనిలోకి ఇప్పుడు మన పిల్లలు చాలామంది వస్తున్నారు. కంప్యూటర్ ముందు కూర్చుని, ఎక్కడో ఉన్న మనిషి ముఖాన్నీ కార్డునీ సరిచూసి ముద్ర వేసే పని. వాళ్ళ కోసం ఈసారి డేగల్ని పక్కన పెట్టి రాస్తున్నాను. నేను ముద్ర వేసిన ఒక ఆడపిల్ల ముఖం గురించి, ఆ ముద్రని వెనక్కి తీసుకోవడానికి పడిన పాట్ల గురించి.

ఏడో నంబరు

ఇండస్ట్రియల్ ఏరియా అంచున, టైర్ల గోదాము పైన రెండో అంతస్తులో ఉండేది మా ఆఫీసు. బ్యాంకులు, విమాన సంస్థలు, అద్దెకార్ల యాప్‌లు తమ ఖాతాదారుల పత్రాల్ని మాకు పంపేవి. క్లయింట్లకి పేర్లుండవు, నంబర్లే. నా వాటాకి వచ్చింది ఏడో నంబరు.

ఏడో నంబరు ఏమిటో ఆఫీసులో ఇద్దరికే తెలుసు, నాకూ మా మేనేజరు రఘునందన్ గారికీ. ఎక్కడో పరాయి దేశంలో ఉండి, పెద్దలకు మాత్రమే అనే వీడియోల్ని ఆన్‌లైన్‌లో పంపిణీ చేసే సంస్థ అది. తను సొంతంగా ఏమీ తీయదు. పలు దేశాల్లో చిన్న చిన్న నిర్మాతలు, అంటే ఒక భార్యాభర్తల జంటో, ఒంటరి కెమెరామనో సొంతంగా తీసి పంపితే తన సైట్‌లో పెడుతుంది. పెట్టే ముందు, అందులో కనబడే ప్రతి మనిషికీ మూడు ఉండాలి: గుర్తింపు కార్డు, సంతకం చేసిన కాగితం, ఒప్పుకోలు క్లిప్. ఈ మూడోది అర నిమిషం వీడియో. మనిషి నిండా బట్టలు కట్టుకుని, కార్డుని గడ్డం దగ్గర పట్టుకుని, తన పేరూ వయసూ చెప్పి, ఇది నా ఇష్టంతో చేస్తున్నాను అనాలి.

మాకు వచ్చేవి ఆ మూడే. అసలు వీడియోలు మా కంటబడలేదు. ఈ దేశంలో పడకూడదు కూడా, ఆ సైట్లు ఇక్కడ తెరుచుకోవు. కానీ మీరు గమనించండి. వేలమంది ముఖాల్ని, సరిగ్గా ఆ పనికి ముందున్న అర నిమిషంలో, నేను ఎదురుగా చూశాను. కొందరు నవ్వుతూ ఉంటారు, కొందరు ఆవలిస్తారు, ఒకామె కార్డుని తలకిందులుగా పట్టుకుని తనే పగలబడి నవ్వింది. ఆ పని ఇష్టంగా చేసేవాళ్ళు ఉంటారని అక్కడే తెలుసుకున్నాను. నచ్చకపోతే మీ ఇష్టం. చూసింది చెబుతున్నాను.

పీకేసిన వైర్లు

మా గోడకి అవతల పక్క ఆఫీసు వాళ్ళ నమాజు గది. నేను చేరిన మొదటి వారం ఒక క్లిప్ గట్టిగా మోగింది. ఒక ఆడగొంతు ఇంగ్లీషులో "నా ఇష్టంతో" అనేసరికి మా గది అంతా తల తిప్పింది. రఘునందన్ గారు ఆ సాయంత్రమే కుర్చీ కింద దూరి నా స్పీకర్ వైర్లు స్వయంగా పీకేశారు.

"హెడ్‌ఫోన్ పెట్టుకుంటాను సార్," అన్నాను.

"వద్దు నాయనా. చెవుల్లో పెట్టుకుని ఆడవాళ్ళ ముఖాలు చూస్తుంటే జనం ఏమనుకుంటారు? సౌండ్ లేకుండా చూస్తే పాస్‌పోర్టు ఫోటో చూస్తున్నట్టుంటుంది. పేరు పెదాల మీద ఆడిందా, కార్డు కనబడిందా, ముఖం కలిసిందా? యల్లా, ఖలాస్, పని అయిపోయింది."

అదే రివాజు అయిపోయింది. పదమూడేళ్ళు నేను ఒప్పుకోళ్ళని వినకుండా ఒప్పుకున్నాను. మాట కోసం తీసిన వీడియోలో మాటని తీసేసి బొమ్మకి ముద్ర వేశాను. ఇలాంటి తప్పు మేము కూర్చున్న చోట కూర్చున్నవాళ్ళే చేయగలరు. సిగ్గుతో చేసిన తప్పు, మర్యాద అనుకున్నాం.

బంగాళదుంప

నిర్మాతల్లో నాకు బాగా పరిచయమైంది మార్గిత్ అనే హంగేరీ ఆవిడ. అరవై దాటిన మనిషి. తన ఇంట్లోనే తీస్తుంది, ఎప్పుడూ అదే నలుగురు నడివయసు నటులు. ప్రశ్నలుంటే మెయిల్లో నేరుగా మాట్లాడుకునేవాళ్ళం. ఒకరోజు ఆవిడ దగ్గర్నుంచి ఒక్క వాక్యం వచ్చింది: "మీ ఆఫీసులో మనుషులున్నారా?"

దానికి జతగా నేను కిందటి వారమే పాస్ చేసిన క్లిప్ పెట్టింది. మధ్యాహ్నం నమాజుకి గది ఖాళీ అయ్యాక ఫోన్ ఇయర్‌ఫోన్ తగిలించి మొదటిసారి విన్నాను. బట్టతల నటుడు గడ్డం దగ్గర కార్డు పట్టుకుని, చక్కటి ఇంగ్లీషులో, ఎంతో గౌరవంగా అంటున్నాడు: "నా పేరు బంగాళదుంప. నా వయసు నాలుగు వందలు. నేను దేనికీ ఒప్పుకోవడం లేదు. అక్కడ ఎవరైనా వింటున్నారా?"

నవ్వొచ్చింది. చివరి వాక్యం దగ్గర నవ్వు ఆగిపోయింది.

క్షమాపణ రాస్తే మార్గిత్ జవాబు ఇచ్చింది. "నాకు నీ క్షమాపణ వద్దు, చెవులు కావాలి. నేను నా వాళ్ళని ప్రతిసారీ అడుగుతాను, వాళ్ళు ప్రతిసారీ చెబుతారు. నువ్వు వినకపోతే నా క్లిప్‌కీ, దొంగ క్లిప్‌కీ ఒకే ముద్ర పడుతుంది. అప్పుడు నేను అడగడం దేనికి?"

నా ఉద్యోగంలో నాకు దొరికిన గురువు ఆవిడే. ముఖం ఎన్నడూ చూడలేదు.

తెలుగులో వచ్చిన ఉత్తరం

ఆ వారంలోనే పంపిణీ సంస్థ వాళ్ళు ఒక ఫిర్యాదు నాకు పంపారు. భాష ఏమిటో వాళ్ళకి అర్థం కాలేదు. తెలుగు. ఫోన్‌లో టైపు చేసిన ఉత్తరం. పేరు రాయను. నాకు గుర్తున్న ముక్కలు ఇవి:

"చీరల కేటలాగు ఫోటోలని చెప్పి తీసుకెళ్ళారు. ఆకుపచ్చ కర్టెన్ ముందు నిలబెట్టి కార్డు పట్టుకోమన్నారు. నేను ఒప్పుకోలేదని కెమెరాలోకే చెప్పాను. అప్పట్లో నాకు ఇంగ్లీషు రాదు, తెలుగులోనే చెప్పాను. ఇప్పుడు గల్ఫ్‌లో ఉన్నాను, మనవాళ్ళ మధ్యే పని. మొన్న ఒకాయన నన్ను తేరిపార చూశాడు. ఆ వీడియో చూసినవాడో, ఊరికే చూశాడో తెలియదు. అప్పట్నుంచి ఎదురైన ప్రతి ముఖాన్నీ నేనే వెతుకుతున్నాను. దయచేసి తీసేయండి."

ఆ కర్టెన్ తర్వాత ఏం జరిగిందో ఆమె రాయలేదు. నేనూ అడగలేదు.

రూలు ఏమిటంటే, ఒప్పుకోలు క్లిప్ సరిగ్గా ఉంటే ఫిర్యాదు కొట్టేయాలి. తీసి చూశాను. నలభై మూడో నంబరు నిర్మాత పంపినది, పాస్ చేసింది నేను. ఆకుపచ్చ కర్టెన్, గడ్డం దగ్గర కార్డు. ఈసారి ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాను. తేటైన ఇంగ్లీషులో, తొణక్కుండా, ఆమె తన పేరూ వయసూ చెప్పి నా ఇష్టంతో చేస్తున్నానంది.

తెలుగులో చెప్పానందే మరి? భయంతో అబద్ధం రాసిందనుకున్నాను. ఫిర్యాదు కొట్టివేయడమైనది అని సగం టైపు చేశాను కూడా. అబద్ధాలు చెప్పేవాడికి ఎదుటివాళ్ళ అబద్ధాలు తెలుస్తాయని నాకో ధీమా.

ఆ సగం వాక్యం దగ్గర ఆపింది బంగాళదుంపే. వినాలి కదా, ఇంకొకటి విందాం అని అదే నిర్మాత పంపిన మరో క్లిప్ తీశాను. వేరే అమ్మాయి, వేరే కార్డు, అదే కర్టెన్. మూడోది తీశాను.

గొంతు ఒకటే.

పదకొండు కిటికీలు

మర్నాడు మధ్యాహ్నం గది ఖాళీ అయ్యేదాకా ఆగాను. నలభై మూడో నంబరు పంపిన క్లిప్పులు మొత్తం పదకొండు. పదకొండింటినీ తెరమీద వరసగా పరిచి, మాట మొదలయ్యే చోట ఆపి, ఒకేసారి నడిపించాను.

పేర్ల దగ్గర గొంతు పదకొండుగా చీలింది, గుడిలో గబ్బిలాలు లేచినట్టు ఒక్క గుసగుస. వయసుల దగ్గర మళ్ళీ చెదిరింది. ఆ తర్వాత మొత్తం ఒకటైపోయింది. నా ఇష్టంతో చేస్తున్నాను. పదకొండు మంది ఒకే చోట ఊపిరి తీసుకున్నారు. ఆ గొంతు వెనక గది చప్పుడు లేదు, బట్ట కదిలిన అలికిడి లేదు, ఒక్క దగ్గు లేదు. ఎక్కడా పుట్టని గొంతులా ఉంది.

పెదాలు మాత్రం ఎవరివి వాళ్ళవే. ఒకామెవి గొంతు ఆగాక కూడా కదులుతున్నాయి. ఒకామెవి అసలు కదలడం లేదు. పదకొండు జతల కళ్ళూ కెమెరాకి కుడివైపు, కాస్త ఎత్తున, ఒకే చోటికి చూస్తున్నాయి. అక్కడ ఎవరో నిలబడి ఉండాలి.

నేను తిరిగి నా కుడివైపు చూశాను. నవ్వకండి. ఖాళీ కుర్చీ ఉంది.

పదమూడేళ్ళుగా అబద్ధాలు చెబుతూ బతికినవాణ్ణి, ఆ అబద్ధం ముందు నిలబడలేకపోయాను. సౌండ్ ఆపేశాను. గొంతు పోయింది. పెదాలు మిగిలాయి. అప్పుడే వెనకనుంచి ఎవరో అన్నారు:

"ఈ పిల్ల ఏడ్వకుంట ఏడుస్తుంది సార్."

కంపెనీ డ్రైవరు మల్లేశం, జగిత్యాల మనిషి, నా ఈడువాడు. ఎండలో బండిలో కూర్చోలేక పైకి వచ్చి నీళ్ళు తాగుతున్నాడు. తెర మూసేయబోయాను.

"ఉండనియ్యి సార్. మా అమ్మకు చెవులు వినపడయి, మాట రాదు, ఉత్త పెదాలు ఆడిస్తది. చిన్నప్పటిసంది పెదాలు చూసుడే మా ఇంట్ల మాట. గీ మూల పిల్ల మన తెలుగే మాట్లాడుతుంది."

అతను చూపించింది ఉత్తరం రాసినామెనే. ఉత్తరం సంగతి అతనికి తెలియదు. నేను చెప్పలేదు.

"ఏమంటోంది మల్లేశం?"

గ్లాసు బల్ల మీద పెట్టి ముందుకి వంగాడు. రెండుసార్లు తిప్పించి చూశాడు.

"'ఒప్పుకోలేదు' అంటుంది సార్, మీ దిక్కు మాట. గా తర్వాత 'పంపించండి'. గంతే. మల్ల మల్ల గదే." నా వైపు తిరిగి అడిగాడు. "ఎవలను పంపియ్యమంటుంది సార్? ఆమెనేనా?"

నేను తెర మూసేశాను. మల్లేశం గ్లాసు కడిగి బోర్లించి కిందికి పోయాడు. పోతూ పోతూ, "డేగలని చెప్తివి కద సార్," అన్నాడు.

నా నంబరు

రఘునందన్ గారి గదిలో తలుపు వేసి అంతా చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. భయస్తుడు. ఈ రెంటికీ తేడా ఉందని చాలాకాలం నమ్మాను.

"గొంతు అతికించారంటావు. ఓకే. పాస్ చేసింది ఎవరు?"

"నేనే సార్."

"ఎలా చేశావని అడిగితే?"

"సౌండ్ లేకుండా అని చెప్తాను."

"సౌండ్ ఎవరు తీయించారని అడిగితే నా పేరు. ఈ ఏడో నంబరేమిటని ఇక్కడ ఎవరైనా ఆరా తీస్తే మనందరి పేర్లూ. నా పిల్లలిద్దరూ ఇక్కడే చదువుతున్నారయ్యా. మాఫీ, కుదరదు. ఫిర్యాదు కొట్టేసెయ్. రేపట్నుంచి నువ్వు బ్యాంకు పనికి మారిపో, ఇది ఇంకెవరికైనా ఇస్తాను."

రెండు రోజులు ఏమీ చేయలేదు. ఇది రాయడం కష్టంగానే ఉంది కానీ రాయాలి. ఆ రెండు రోజులూ ఆమె ఎదురైన ముఖాలన్నీ వెతుకుతూనే ఉండి ఉంటుంది. నేను మాత్రం ఒక స్నేహితుడి ఇంట్లో భోజనానికి పోయి, అడిగారు కదా అని డేగ కథ ఎత్తుకున్నాను. మధ్యలో కథ ఎటు పోవాలో మరిచిపోయాను. శారద అందుకుని పూర్తి చేసింది. ఇంటికొచ్చాక, "ఏమైంది మీకు?" అంది. పదమూడేళ్ళ పని అప్పుడు చెప్పాను. చివరిదాకా విని తనడిగింది ఒక్కటే.

"ఆ పిల్ల వీడియో ఇంకా ఉందా?"

"ఉంది."

"మరి ఇక్కడ కూర్చుని నాకెందుకు చెబుతున్నారు?"

మార్గిత్‌కి రాశాను, మీరు చెబితే ఆ సంస్థ వింటుందేమో అని. "నేను రాస్తాను," అంది. "కానీ ఒక నిర్మాత మీద ఇంకొక నిర్మాత చెప్పుకునే చాడీలా కనబడుతుంది. ముద్ర వేసినవాడు తన ముద్ర తప్పని అంటేనే తలుపు తెరుచుకుంటుంది."

మర్నాడు పొద్దున్నే పదకొండు క్లిప్పులూ ఒకే తెరమీద పెట్టి పంపిణీ సంస్థకి పంపాను. కింద మూడే వాక్యాలు. వీటిలో గొంతు మనిషిది కాదు, కంప్యూటర్‌తో చేసి అతికించినది. వీటిని వినకుండా పాస్ చేసింది నేను. నా ఉద్యోగి నంబరు ఇది.

నాలుగో రోజుకి నలభై మూడో నంబరు వీడియోలన్నీ సైట్‌లోంచి తీసేశారు. ఆమెకి జవాబు రాసే పని నాకే వచ్చింది. తీసేశాం, క్షమించండి అని తెలుగులో రాశాను. తిరిగి ఏమీ రాలేదు. రావాలని కూడా లేదు. ఆ వెంటనే ఏడో నంబరు మా ఆఫీసుతో తెగతెంపులు చేసుకుంది. రఘునందన్ గారు నాతో స్వచ్ఛందంగా ఉద్యోగం మానేస్తున్నట్టు కాగితం రాయించుకున్నారు. యాభై రెండేళ్ళకి నా రిటైర్మెంటు అదీ. శారద పనిచేసే స్కూలు ఇచ్చిన వీసా మీద దోహాలోనే, అల్ అజీజియా పేటలో ఉండిపోయాను.

గెలిచానని చెప్పడం లేదు. ఒకసారి బయటికి పోయిన బొమ్మ అంతా వెనక్కి వచ్చిందని నేను ప్రమాణం చేయలేను. మిగతా పదిమంది పెదాలు ఏ భాషలో ఏమన్నాయో ఎవరూ చదవలేదు. వాళ్ళకి మల్లేశం దొరకలేదు. ఇప్పటికీ టీవీలో వార్తలు చదివే అమ్మాయిని చూస్తే సౌండ్ తీసేసి పెదాలు చూస్తాను. శారద వచ్చి రిమోట్ లాక్కుంటుంది.

పిల్లలూ, ఈ పనిలో మీకు ముఖాలు కొలిచే యంత్రాలు ఇస్తారు, గొంతులు కొలిచేవీ ఇస్తారు. తీసుకోండి. కానీ ఒక మనిషి మాట్లాడుతున్న వీడియో మీ ముందుకొస్తే పూర్తిగా వినండి. ఒక్కదాన్నే వింటే నేనూ మోసపోయేవాణ్ణి. పక్కదాన్ని కూడా వినండి. పక్కవాళ్ళు ఏమనుకుంటారో అని వైరు పీకమనే మేనేజరు ప్రతి ఆఫీసులోనూ ఉంటాడు. ఆ వైరు మళ్ళీ మీరే తగిలించుకోవాలి.

పన్ను

కిందటేడు వెనక దంతం ఒకటి పీకించుకోవాల్సి వచ్చింది. మా ఇంటికి దగ్గర్లో ఒక పళ్ళ ఆసుపత్రికి వెళ్ళాను. కౌంటర్లో తల వంచుకుని రాసుకుంటున్న అమ్మాయి తలెత్తింది.

ఆ ముఖాన్ని నేను వందసార్లు చూశాను. వెనక ఆకుపచ్చ కర్టెన్ లేదు, తెల్లగోడ ఉంది.

ఆమె నా ముఖం వైపు చూసింది. రిజిస్టరు వైపు చూసి మళ్ళీ చూసింది. దేనికోసమో నాకు తెలుసు. నా ముఖంలో ఒక్క నరం అటూ ఇటూ కదిలినా ఆమె రాత్రుళ్ళు మళ్ళీ మొదటికి వస్తాయి. ఎన్నో అబద్ధాలు చెప్పాను, నోరు తెరవకుండా చెప్పవలసి వచ్చిన అబద్ధం అదొక్కటే. పన్నునొప్పి ముఖం పెట్టాను. అది కాస్త నిజం కూడా.

"తెలుగువారేనా అంకుల్? పేరు చూసి అనుకున్నానండి."

కొద్దిగా బొంగురు గొంతు. ఆ ఇంగ్లీషు గొంతుకీ దీనికీ ఎక్కడా పోలిక లేదు.

"అవునమ్మా. అమలాపురం దగ్గర."

"ఏం చేస్తుంటారు?"

రిజిస్టరు మీద ఆమె చెయ్యి పెన్నుని గట్టిగా పట్టుకుని ఉంది.

"రిటైరయ్యానమ్మా. డేగల పాస్‌పోర్టులు చూసేవాణ్ణి."

"డేగలకి పాస్‌పోర్టులేంటండీ!"

"అయ్యో, తెలీదా? ఫోటోలో పక్కకి చూస్తే తిప్పి పంపేసేవాణ్ణి. మనుషుల ముఖాలు నాకు ఒక్కటీ గుర్తుండవు గానీ, డేగ ముఖం ఒక్కసారి చూస్తే మరిచిపోను."

ఆమె నవ్వింది. పెన్ను బల్ల మీద పెట్టింది. తర్వాత ఒక కాగితం నా వైపు తోసింది. పన్ను పీకడానికి నా సమ్మతి పత్రం, అటు అరబిక్, ఇటు ఇంగ్లీషు. నేను అలవాటు కొద్దీ అడుగున సంతకం చోటు కోసం చూస్తుంటే కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"చదవకుండా పెట్టకూడదండి అంకుల్. నేను తెలుగులో చదివి చెప్తాను, వినండి. మధ్యలో వద్దనిపిస్తే వద్దనండి, పర్లేదు."

వెనక నలుగురు ఆగి ఉన్నారు. ఆమె తొందరపడలేదు. మొదటి వాక్యం దగ్గర వేలు పెట్టి, తన గొంతుతో, నిదానంగా చదవడం మొదలుపెట్టింది. చివరి వాక్యం దాకా నేను విన్నాను.